పొయ్యి కట్టేశాక ఒక్క అట్టు

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. అరచేతిలో ఇమిడే గుండ్రటి ఒళ్ళు, నెత్తిన ఒక మీట, మెడకి ఒక తాడు. చేతిగడియారాలూ గోడగడియారాలూ నాకు దాయాదులే గానీ వాళ్ళ బతుకు వేరు, నా బతుకు వేరు. వాళ్ళు ఎవరు చూసినా చూడకపోయినా ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతూనే ఉంటారు. నేను నొక్కితేనే నడుస్తాను. మళ్ళీ నొక్కితే ఆగుతాను. మూడోసారి నొక్కితే జరిగిందంతా మరిచిపోయి సున్నా దగ్గర నిలబడతాను. ఈ మూడో గుణం మనుషులకు లేదు. ఉంటే చాలా ఇళ్ళలో అన్నం వేళకి అందరూ ఒకచోట కూర్చునేవాళ్ళు.

ఎక్కడ పుట్టానో గట్టిగా చెప్పలేను. నా వెనక మూత మీద ఏదో దేశం పేరు ఉండేది. కొన్ని వందల బొటనవేళ్ళు రుద్ది రుద్ది దాన్ని చెరిపేశాయి. గుర్తున్నదల్లా ఒక పొడుగాటి బల్ల, కంటికి భూతద్దం తగిలించుకున్న ఒక మనిషి. ఆయన ఊపిరి బిగబట్టి నా లోపల స్ప్రింగు అమర్చాడు. ఆ ఊపిరి వదిలిన క్షణాన నేను మొదటిసారి టిక్కుమన్నాను. తరవాత దూది, పెట్టె, ఓడ, రైలు, చివరికి కాకినాడలో ఒక ఆటసామాన్ల కొట్టు. క్యారమ్ బోర్డులకీ క్రికెట్ బ్యాట్లకీ మధ్య రెండేళ్ళు కూర్చున్నాక ఒకాయన వచ్చి నన్ను చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"గుండె బాగుంది," అన్నారు కొట్టువాడితో.

ఆయనే త్రిమూర్తులు మాస్టారు. అప్పుడే ఒక కాలేజీలో వ్యాయామం మాస్టారుగా చేరారు. పాతికేళ్ళ పైచిలుకు ఆయన మెడలో ఊగాను. ఎండలో పరుగులు, వానలో పరుగులు, గెలిచినవాళ్ళ అరుపులు, ఓడినవాళ్ళ చెప్పుల సాకులు అన్నీ చూశాను.

ఒక ఏడాది ఆటల పండగకి ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి వంద మీటర్ల పందేనికి తానే టైము చూస్తానని పట్టుబట్టాడు. నన్ను అందుకున్నాడు, దండ సర్దుకున్నాడు, సిమెంటు మెట్టు మీద జారవిడిచాడు. పైకి చిన్న సొట్టే. లోపల మాత్రం ఏదో కదిలింది. అప్పటినుంచి నాకు నడక మందగించింది. లోకానికి ఇరవై అయిదు సెకన్లు గడిస్తే నా లెక్కకి ఇరవై. ఆ మధ్యాహ్నమే కామర్సు చదివే ఒక బొద్దబ్బాయి వంద మీటర్లు పదకొండు సెకన్ల చిల్లరలో పరిగెత్తాడు. చప్పట్లు మారుమోగాయి. ఆ రికార్డు ఇప్పటికీ కాలేజీ బోర్డు మీద చెక్కుచెదరకుండా ఉంది. నేను నోరు విప్పలేదు. మాస్టారికి కూడా తెలియదనే అనుకున్నాను.

తరవాత బ్యాటరీ గడియారాలు వచ్చాయి. మాస్టారు రిటైరైన రోజున కాలేజీవాళ్ళు ఆయనకి ఒక శాలువా కప్పి, ఇక ఎవరికీ అక్కర్లేని నన్ను జ్ఞాపికగా చేతిలో పెట్టారు. మనుషులు ఒకే సభలో ఇద్దరిని సాగనంపడం అదే మొదటిసారి చూశాను.

ఇంటికి వెళ్ళాక నేను మాస్టారి భార్య కాంతామణి గారి చేతికి వెళ్ళాను. ఆవిడ మొదట గుడ్లు ఉడికించడానికి నన్ను వాడారు. మూడు నాలుగు రోజులయ్యాక ఎందుకో నాకేసి అనుమానంగా చూసి, ఆ పని మానేసి, ఇంకో పని అప్పగించారు. మాస్టారికి ముక్కు మీద కోపం. ఆయన గొంతు పెరగగానే ఆవిడ నన్ను నొక్కేవారు. ఆయన ఆగగానే ఆపేవారు.

"ముప్ఫై ఎనిమిది సెకన్లు. నిన్నటి మీద నయం," అనేవారు నన్ను ఎత్తి చూపిస్తూ.

ఆయనకి నవ్వు రాక తప్పేది కాదు. నవ్వాక కోపం ఎలాగూ నిలవదు.

ఆవిడ పోయిన రోజున నేను ముప్ఫై ఎనిమిది దగ్గరే ఆగి ఉన్నాను. మాస్టారు మూడోసారి నొక్కలేదు. అలాగే సొరుగులో పెట్టారు. రెండేళ్ళు ఆ అంకె మీదే నిలబడ్డాను.

ఇక్కడినుంచి చెప్పేదాంట్లో కొంత నేను చూసినది, కొంత తరవాత వాళ్ళ మాటల్లో విన్నది. పొద్దున్నే గిన్నెల చప్పుడు లేని ఇంట్లో ఉండబుద్ధి కాక మాస్టారు హైస్కూలు గ్రౌండుకి వెళ్ళడం మొదలుపెట్టారు. గ్రౌండు గేటు పక్కన వరహాలమ్మ టిఫిను బండి ఉంది. ఆవిడ అట్లు వేస్తుంది, మొగుడు లోవరాజు చట్నీలు అందిస్తాడు. మాస్టారు రోజూ అందరూ తినేసి వెళ్ళాక, తొమ్మిదిన్నరకి, అక్కడ చేరేవారు. దానికో కారణం ఉంది. కాంతామణి గారు గ్యాసు కట్టేసి, పెనంలో మిగిలిన వేడి మీద ఆఖరి అట్టు వేసి, మూత పెట్టేవారు. నూనె చుక్క ఉండదు. అడుగున కరకర, పైన మెత్తన. ఈ సంగతి మాస్టారు వరహాలమ్మతో ఒకే ఒకసారి, మాటల సందర్భంలో అన్నారట. మర్నాటినుంచి ఆయన కోసం పొయ్యి కట్టేశాకే ఆఖరి అట్టు పడేది. ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మనుషుల్లో నాకు నచ్చే పనులన్నీ ఇలా మాటల్లేకుండా జరిగేవే.

ఒక రోజు ఆ ఆఖరి అట్టు మాడింది. మాస్టారు తలెత్తి చూస్తే వరహాలమ్మ కళ్ళు పెనం మీద లేవు.

"ఏమైంది వరహాలూ?"

"సుగరండి. ఎనిమిదీ ఆరంట. మూడు నెల్ల సగటు లెక్కంట. మళ్ళీ మూడు నెల్లకి పరీచ్చ సేత్తారంట, ఏడున్నర కిందకి దిగకపోతే సూదంటండి." అట్లకాడతో పెనం అంచు గీకింది. "మా అమ్మకీ ముందు సూదొచ్చిందండి. ఆనక కాలికి పుండొచ్చింది. ఆనక కాలే పోయింది."

"సూది వల్ల కాలు పోదమ్మా. సుగరు ముదరబెట్టుకుంటే పోతుంది."

"ఏదో ఒకటి, పోయింది గదండీ! నేను పెనం ముందర నిలబడాలి. కూకుని అట్లేసే బండి ఎక్కడన్నా సూశారేటండి?"

మాస్టారు మాడిన అట్టుని ఆకులో ఒక పక్కకి జరిపారు.

"డాక్టరమ్మ రోజూ గంట నడవమందండి," అంది వరహాలమ్మ. "గంట! నాకు గంట కాళీ ఉంటే నిద్దరోతానండి."

"అసలు నీకు ఎంతసేపు ఖాళీ ఉంటుంది?"

ఆవిడ ఆలోచించింది. "తెల్లారగట్ల పెనం పొయ్యి మీద పెడతాను గదండీ, మందం పెనం, సన్నసెగన కాగాలి. అది కాగేదాకా పావుగంట."

"చాలు," అన్నారు మాస్టారు.

పక్క బెంచీ మీద వాకర్స్ క్లబ్బు ప్రెసిడెంటు గవర్రాజు గారు ఇంకా కాఫీ చప్పరిస్తున్నారు. బట్టల కొట్టు ఆయనది. నవ్వు ఆపుకోలేక కాఫీ ఒలకబోసుకున్నారు.

"పావుగంటలో సుగరు తగ్గుద్దా మాస్టారూ? మేం పన్నెండేళ్ళబట్టి గంటన్నర నడుస్తున్నాం. నాదే తగ్గలా!"

"మీరు నడవడం లేదు గవర్రాజు గారూ. కబుర్లని ఊరేగిస్తున్నారు."

గవర్రాజు గారికి చురుక్కుమంది. "సరే! వరహాలమ్మ సుగరు దిగిందా, ఒక ఆదివారం ఈ బండి దగ్గర అట్లు నేనేస్తా, ఆవిడ కుర్చీలో కూర్చుని తినాలి. దిగలేదా, రోజూ మా క్లబ్బుతో గంటన్నర నడవాలి, మేం చెప్పేవన్నీ వింటూ!"

"అమ్మో, దానికన్నా సూదే నయవండి," అంది వరహాలమ్మ.

ఆ సాయంత్రం నా సొరుగు తెరుచుకుంది. మాస్టారు నన్ను చేతిలోకి తీసుకుని ముప్ఫై ఎనిమిది వంక చాలాసేపు చూశారు. తరవాత, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు తాకినట్టు, మీట మీద వేలు ఆనించి నొక్కారు. నేను సున్నాకి వచ్చాను.

ముందు డాక్టరమ్మ చేత గుండె పరీక్ష చేయించి, ఆవిడ సరేనన్నాకే మాస్టారు రంగంలోకి దిగారు. చెప్పులు వద్దు, బూట్లు ఉండాలన్నారు. కాలికి చిన్న దెబ్బ కూడా తగలకూడదు. లోవరాజు కాన్వాసు బూట్లలో ముందు పాత గుడ్డలు కూరి వరహాలమ్మ వేసుకుంది. మొదటి వారమంతా జోరు నడకే. రెండో వారం చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని జెండా దిమ్మ దగ్గర నిలబడింది.

పద్ధతి చాలా తేలిక. నేను ఇరవై లెక్కపెట్టేదాకా ఉన్న సత్తువంతా పెట్టి పరుగు. తరవాత నెమ్మదిగా నడక. ఎంతసేపు? ఆయాసపడకుండా ఒక పూర్తి వాక్యం పలకగలిగేదాకా. ఆ వాక్యం వరహాలమ్మే ఎంచుకుంది. రోజుకి వందసార్లు పలికేదే.

"అల్లం సెట్నీ కొబ్బరి సెట్నీ కారప్పొడి నెయ్యి ఏది కావాలండి!"

ఊపిరి తెగకుండా అది పూర్తయితే మళ్ళీ పరుగు. అలా నాలుగుసార్లు. మొదటిరోజు మొదటి పరుగయ్యాక "అల్లం" దగ్గరే ఆగిపోయింది. కాసేపటికి "కొబ్బరి" దాకా వచ్చింది. నెయ్యి దాకా వచ్చేసరికి తూరుపు ఎర్రబడింది.

"ఇరవై సెకండ్లు ఇంత పొడుగుంటాయేటండి!" అంది మోకాళ్ళ మీద చేతులాన్చి.

నేను సిగ్గుతో టిక్కుమనడం కూడా తగ్గించాను.

వింత ఏమిటంటే, నాలుగు పరుగులూ అయిపోయి, బండి దగ్గరికి వచ్చి, పిండి కలుపుతున్నా ఆవిడ ఒళ్ళు చల్లారలేదు. మెడ మీద చెమట, ముక్కుపుటాలు అదురుతూనే ఉన్నాయి.

"ఆపేశాను గదండీ మాస్టారండీ, ఇంకా ఈ సెగేటండి?"

మాస్టారు పెనం చూపించారు. "పొయ్యి కట్టేశాక నాకు అట్టు ఎలా వేస్తున్నావు?"

"పెనంలో వేడుంటది గదండీ."

"ఇదీ అంతే. సన్నసెగ మీద కాసేపు పెట్టి దింపిన పెనం ఇట్టే చల్లారుతుంది. పెద్దమంట మీద కాగిన పెనం మంట తీసేశాక కూడా పనిచేస్తుంది. ఒళ్ళు గట్టిగా పనిచేశాక లోపల బోలెడు సర్దుబాటు ఉంటుంది. పెళ్ళి ఒక పూటే. పందిరి విప్పి, గుండిగలు తోమి, బల్లలు అప్పగించేసరికి మర్నాడు అవుతుంది కదా? ఆ పనికి కూడా కూలీలకి అన్నం పెట్టాలి. ఆ అన్నం నీ ఒంట్లో పేరుకున్న దాంట్లోంచే పోతుంది. పైగా పరుగెత్తిన కండ రక్తంలో చక్కెరని బాగా లాక్కుంటుంది."

"అంటే నేను అట్లేత్తంటే కూడా నా ఒళ్ళు పరిగెడతానే ఉంటదన్నమాట!"

"పరిగెత్తదు. సర్దుకుంటూ ఉంటుంది."

రెండో వాక్యం వరహాలమ్మ వినలేదు. బెంచీ మీద చెవులు రిక్కించుకుని కూర్చున్న గవర్రాజు గారు అసలే వినలేదు. మనుషులు సగం మాట వినగానే లేచి వెళ్ళిపోతారు. అందుకే వాళ్ళకి గడియారాలు అన్ని కావాలి.

ఆ ఆదివారం వాకర్స్ క్లబ్బులో ఆరుగురు ఇరవై సెకన్ల పరుగు తీశారు. ఒకాయనకి తొడ పట్టేసింది. మిగతా అయిదుగురూ ఆయన్ని మోసుకొచ్చి బండి దగ్గర కూలబడ్డారు.

"ఇంకో అట్టు వెయ్యమ్మా! పరిగెత్తాం కదా, సాయంత్రం దాకా కాలుతూనే ఉంటుందట," అన్నారు గవర్రాజు గారు. మర్నాడు మూడో అట్టు. పిండి గిన్నె ఎనిమిదింటికే అడుగంటుతోంది. లోవరాజు ఆనందానికి మేర లేదు. "మాస్టారండీ, ఈ యాయామం ఏదో మా గొప్పదండి," అని చేతులు జోడించాడు.

నెల తిరిగింది. ఆస్పత్రిలో వరహాలమ్మ వేలు గుచ్చి పరగడుపు చక్కెర చూశారు. నెల క్రితం ఎంతుందో అంతే. ఆవిడ గ్రౌండుకి వచ్చి, బూట్లు విప్పి, మాస్టారి కాళ్ళ దగ్గర పెట్టింది.

"నెల్లాళ్ళు గుర్రంలాగ పరిగెత్తానండి. సాలు. మా అమ్మ రాతే నా రాత. మీ గడియారం మీరే ఉంచుకోండి."

ఒకప్పటి మాస్టారైతే నలభై సెకన్లు అరిచేవారు. నేను ఆయన జేబులో సిద్ధంగానే ఉన్నాను. ఆయన అరవలేదు. "రేపొక్కరోజు పరిగెత్తు. నేను టైము చూసి ఊరుకోను. బండి దగ్గరే కూర్చుని నీ పనంతా చూస్తాను," అన్నారు.

మర్నాడు చూశారు. నేనూ చూశాను. వరహాలమ్మ పరిగెడుతోంటే లోవరాజు నోరు తెరుచుకుని భార్యనే చూస్తున్నాడు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆవిడ అంత వేగంగా తన నుంచి దూరంగా వెళ్ళి, మళ్ళీ తిరిగిరావడం అతనికి కొత్త. అతను అటు చూస్తుంటే ఇటు పెనం మితిమీరి కాగి పొగలు కక్కుతోంది. ఆవిడ రొప్పుతూ వచ్చి, నీళ్ళు చిలకరించి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది, అట్టు వేసింది. అంటుకుపోయింది. గీకి, చుట్టి, నోట్లో వేసుకుంది. రెండోది చిరిగింది. అదీ అంతే. మూడోది, నాలుగోది. అయిదోది చక్కగా లేచింది. "రండి బాబూ, ఏడేడి అట్లు!" అని కేకేసింది.

"ఎన్నయ్యాయి?" అన్నారు మాస్టారు.

"ఏటండి?"

"నువ్వు తిన్నవి."

"నేనెక్కడ తిన్నానండి?" వరహాలమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "అయి సెడిపోయినయ్యి గదండీ!"

లోవరాజు కూడా తలూపాడు. చెడిపోయినవి తిండి కింద రావు. వరహాలమ్మ తల్లి నాటినుంచి ఆ బండి ధర్మం అది. చిరిగిన అట్టు బేరానికి పెట్టకూడదు, మట్టిలో పారెయ్యకూడదు, వేసినవాళ్ళే తినాలి. మొదట్లో రోజుకి ఒకటే చెడేది. పరుగు మొదలయ్యాక, పెనం మాడడం వల్ల, నాలుగయ్యాయి. అంటే ఆవిడ పరిగెత్తినందుకే ఎక్కువ తింటోంది. ఇన్నేళ్ళ నా జీవితంలో ఇంత గుండ్రటి పరుగుపందెం చూడలేదు.

"పొయ్యి కట్టేశాక ఆ వేడి మీద ఎన్ని అట్లు కాలతాయి వరహాలూ?" అన్నారు మాస్టారు నెమ్మదిగా.

"ఒకటండి. మహా అయితే ఒకటిన్నర."

"మరి నువ్వు..."

ఆయన పూర్తిచెయ్యలేదు. అక్కర్లేకపోయింది. వరహాలమ్మ చేతిలో అట్లకాడ గాలిలో ఆగింది. తరవాత వంగి బూట్లు తీసుకుంది.

"ఏవయ్యో," అంది లోవరాజుతో, "రేపట్నించి నువ్వు గ్రౌండుకి ఈపు తిప్పి నిలబడు. నన్ను సూడకు, పెనాన్ని సూడు. ఆనక సెడినయ్యి ఉంటే నువ్వు తిను."

"నేనేం సేశానే!"

"నన్ను సూశావు!"

అతన్ని పెనం వైపు తిప్పడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజునుంచి రోజుకి ఒక్క అట్టే చిరిగింది, అది లోవరాజు పొట్టలోకి వెళ్ళింది. ఆవిడ టీలో మూడు చెంచాల పంచదార కూడా ఆ వారమే బయటపడింది, ఆగింది. అదీ తిండి కింద రాదనే ఆవిడ నమ్మకం.

ఆ ఆదివారం గవర్రాజు గారు రెండు అట్లు తిని మూడోది అడిగారు. "ఒళ్ళు కాలిపోతోందమ్మా, వెయ్యి!"

"అలాగేనండి," అని వరహాలమ్మ గ్యాసు కట్టేసింది.

"అదేంటి, కట్టేశావు?"

"పెనం కాలుతానే ఉంది గదండీ. కట్టేశాక కూడా కాలతాదని తమరే గదా సెప్పేరు. సూడండి."

మొదటి అట్టు వేసింది. నిదానంగా కాలింది. తీసి పక్కన పెట్టింది. రెండోది అడుగున తెల్లగా, పైన తడిగా ఉండిపోయింది. మూడోది పిండి పిండిగానే పెనం మీద కూర్చుంది. ఆవిడ దాన్ని ఆకులోకి ఎత్తి గవర్రాజు గారి ముందు పెట్టింది.

"తినండి బాబూ. ఒళ్ళు కాలతంది గదా, లోపల ఉడుకుద్ది."

బెంచీ బెంచీ అంతా గొల్లుమంది. గవర్రాజు గారు పచ్చిపిండి వంక చూసి, తన పొట్ట వంక చూసి, "చాల్లే, కాఫీ ఇయ్యి. పంచదార లేకుండా," అన్నారు.

మిగిలిన రెండు నెలలూ ఎలా గడిచాయో నాకు బాగా తెలుసు, నాలుగేసి పరుగుల చొప్పున లెక్కపెట్టింది నేనే కాబట్టి. వారానికి నాలుగు రోజులే పరుగు. మిగతా రోజులు ఒళ్ళు సర్దుకోవాలని మాస్టారి ఆజ్ఞ. "నెయ్యి ఏది కావాలండి" త్వర త్వరగా వచ్చేస్తోంది. ఒక రోజు వరహాలమ్మ వాక్యం చివర "సాంబారు కూడా ఉందండీ!" అని సొంతంగా కలిపింది. మాస్టారు నన్ను పైకి ఎగరేసి పట్టుకున్నారు. సిమెంటు మెట్టు గుర్తొచ్చి నా స్ప్రింగు జల్లుమంది.

పరీక్ష రోజున మాస్టారు ఆస్పత్రికి వెళ్ళలేదు. బండి దగ్గర కూర్చుని నన్ను నొక్కడం, ఆపడం, నొక్కడం. పది గంటలకి ఆటో దిగారు మొగుడూ పెళ్ళాలూ. వరహాలమ్మ మొహం ఎటూ చెప్పడం లేదు. కాగితం మాస్టారి చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు కోసం రెండు జేబులూ వెతుక్కునేసరికి లోవరాజు ఆగలేకపోయాడు.

"ఏడూ రెండండి! ఏడూ రెండు! సూది లేదంట! మాత్తర మానద్దందండి, పరుగూ మానద్దందండి!"

"పరుగు వల్లా, అట్లు మానడం వల్లా, పంచదార ఆపడం వల్లా, ఏది ఎంతో డాక్టరమ్మ ఇడదీసి సెప్పలేనందండి," అంది వరహాలమ్మ. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూ వంగి తన రెండు పాదాలూ చేతులతో తడుముకుంది, వాళ్ళమ్మ పాదాలు కూడా అక్కడే ఉన్నట్టు.

తరవాతి ఆదివారం గవర్రాజు గారు మాట నిలబెట్టుకున్నారు. మెడలో అంగవస్త్రం, చేతిలో అట్లకాడ. వరహాలమ్మని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడకి కూర్చోవడం రాలేదు. అంచు మీద ఆనుకుని, "పలచగా తిప్పండి బాబూ, అది అట్టు, దుప్పటి కాదు," అని కేకలు. మొదటి అట్టు అంటుకుంది. రెండోది చిరిగింది. మూడోదాన్ని చూసి ఎవరో మన జిల్లా పటం అన్నారు. గవర్రాజు గారు వాటిని చాటుగా బుట్టలో వెయ్యబోయారు.

"ఆగండాగండి!" అంది వరహాలమ్మ. "సెడిపోయినయ్యి వేసినోళ్ళే తినాలండి. అది మా బండి ఆనవాయితీ."

ఎనిమిది చెడ్డాయి. తినడం అయ్యేసరికి ప్రెసిడెంటు గారు తనకు తానే లేచి జెండా దిమ్మ వైపు వెళ్ళారు.

ఆ సంబరంలోనే లోవరాజు నన్ను అందుకుని, "ఇదండీ మా ఇంటి దేవుడు!" అంటూ మీట గిర్రున తిప్పి కీ ఇచ్చాడు. ఇస్తూనే ఉన్నాడు. నా లోపల టప్పుమంది. అంతే. ఏ భూతద్దం మనిషి ఊపిరి బిగబట్టి అమర్చాడో ఆ స్ప్రింగు తెగింది.

మాస్టారు నన్ను గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి, మర్నాడు తిరిగి తెచ్చారు. ఆఖరి అట్టు వేళ అది.

"సామాను దొరకదట," అన్నారు. "పైగా ఇది చాలా ఏళ్ళబట్టి నెమ్మదిగా నడుస్తోందన్నాడు. ఇరవై అంటే ఇరవై అయిదు."

నా రహస్యం పెనం పక్కన బయటపడింది. లోవరాజు బిక్కచచ్చిపోయాడు. వరహాలమ్మ వేళ్ళు మడిచి లెక్కేసింది.

"అంటే నేను ఇన్నాళ్ళూ... మీకు ముందే తెలుసేటండి?"

"తెలుసు. కాంతామణి పట్టుకుంది. గుడ్లు రాళ్ళలా ఉడుకుతున్నాయని."

"మరి నాకు సెప్పలేదేటండి!"

"ఇరవై అయిదంటే పరిగెత్తేదానివా?"

వరహాలమ్మ నోరు తెరిచి, మూసి, ఫక్కున నవ్వింది. "లేదండి."

మాస్టారు కూడా నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది. నన్ను చేతిలో తిప్పి చూశారు. ఆయన పెదవులు ఏదో లెక్క కట్టాయి.

"ముప్ఫై ఎనిమిది అనేది," అన్నారు. "నిజానికి నలభై ఏడు కదా. ఆవిడకి తెలుసు. తెలిసే, నా కోపాన్ని తగ్గించి చెప్పేది."

వరహాలమ్మ చెయ్యి చాపి గ్యాసు కట్టేసింది. పిండి గరిటె పెనం మీద గుండ్రంగా తిరిగింది. మూత పడింది.

నన్ను పారెయ్యడానికి ఆవిడ ఒప్పుకోలేదు. బండి కొయ్యకి మేకు కొట్టి, పెనానికి జానెడు దూరంలో వేలాడదీసింది. ఇప్పుడు వరహాలమ్మకి నాతో పనిలేదు. తన ఊపిరే లెక్క చెబుతుంది. జెండా దిమ్మ దగ్గర తెల్లవారుజామున ఒక్క గొంతుకి బదులు రెండు గొంతులు వినిపిస్తున్నాయి. "అల్లం సెట్నీ కొబ్బరి సెట్నీ" తరవాత "పట్టుచీరలు నూలుచీరలు జాకెట్టు గుడ్డలు" అని ఆయాసపడే గొంతు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

నా ముల్లు ఇరవైకి రెండు గీతల ఇవతల ఆగిపోయింది. నడవడం అయిపోయింది. అయినా రోజూ తొమ్మిదిన్నరకి, పొయ్యి కట్టేశాక, పెనం సెగ వచ్చి నా అరిగిపోయిన వీపుని తాకుతుంది. బెంచీ చివర మాస్టారు ఆకు సర్దుకుని కూర్చుంటారు. మంట ఉండదు, చప్పుడు ఉండదు. మూత కింద ఒక అట్టు మాత్రం నిదానంగా కాలుతూ ఉంటుంది.